బోర్డు కాదు, నంబరు చూడండి
(చోడవరం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పాటలు, థింసా నడుమ ఈ కోర్టు మాటలేంటని అనుకోకండి. మా పిన్ని కొడుక్కి ఒకసారి జ్వరం వచ్చింది. బండి మీద ఊరూరా తిరిగే ఒకాయన మూడు రోజులు వరసగా సూది వేశాడు. రక్తపరీక్ష మాటే ఎత్తలేదు. నాలుగో రోజు పిల్లాడికి స్పృహ తప్పింది. మోసుకొని ఆసుపత్రికి తెస్తే మలేరియా అన్నారు. దేవుడి దయ, బతికాడు. ఆయన మీద మేమెవరం ఫిర్యాదు ఇవ్వలేదు. "అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే కదా" అన్నారు ఊళ్లోవాళ్లు. ఆ మాటా నిజమే. అందుకే ఈ విషయం మాట్లాడుకోవాలి.

2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర లేదా జాతీయ రిజిస్టరులో పేరు లేనివారు ఇంగ్లీషు వైద్యం చేయకూడదు. చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత 1956 చట్టంలో జరిమానా వెయ్యి రూపాయలకు మించేది కాదు.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. వేరొకరిలా నటించి మోసం చేస్తే 319వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే 106వ సెక్షన్. అందులో రిజిస్టరైన డాక్టరుకు రెండేళ్ల వరకే శిక్ష. దొంగ డాక్టరుకు ఆ వెసులుబాటు లేదు, ఐదేళ్ల వరకు పడుతుంది.

"మంచికే చేశాను" అంటే చెల్లదు. 1996లో పూనం వర్మ కేసు చూడండి. హోమియో చదివినాయన జ్వరానికి ఇంగ్లీషు మందులిచ్చాడు, రోగి చనిపోయాడు. తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు చెప్పి, ఆ ఇల్లాలికి 3 లక్షల పరిహారం ఇప్పించింది. పట్టా ఉన్నవారి సంగతే అలా ఉంటే, ఏ పట్టా లేనివారి మాటేమిటి?

తమ్ముళ్లూ, ఇది మనకూ వర్తిస్తుంది. ఆసుపత్రిలో రెండేళ్లు కాంపౌండరుగా చేసి, ఊరికొచ్చి డాక్టరని బోర్డు పెట్టాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. మన తాతల ఆకు పసరు జ్ఞానం వేరు, దాన్ని గౌరవిద్దాం. దాని పేరు చెప్పి సెలైన్ ఎక్కించడం వేరు.

మరి ఏం చేయాలి? డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ చీటీ మీదా చూపించాలి. అది లేకపోతే అడగండి. జ్వరమొస్తే ముందు ఆశా అక్క దగ్గర మలేరియా పరీక్ష చేయించండి, డబ్బు అక్కర్లేదు. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. మోసం జరిగితే చీటీలు, మందు సీసాలు దాచి పోలీసులకూ జిల్లా వైద్యాధికారికీ రాసివ్వండి. ఎవరి మీదా చెయ్యి చేసుకోవద్దు. గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి.

ఒకరిని జైలుకు పంపినంత మాత్రాన మన కొండకు డాక్టరు రాడు. పీహెచ్‌సీలో డాక్టరు ఉండాలని గ్రామసభలో అడగాల్సిందీ మనమే. పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. రేపు ఆ రిజిస్టరులో మన పిల్లల పేర్లుండాలి. అప్పుడు అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది మన డాక్టరే.