నీ లోలకం ఏం చెప్పిందిరా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇన్‌ఫ్లేషన్ గురించి మాట్లాడతానంటే మా బ్యాచ్ వాళ్లు ఉల్లిపాయల ధర గురించి అనుకున్నారు. నేను చెప్పేది, విశ్వం తన తొలి క్షణంలో విపరీతంగా ఉబ్బిందనే సిద్ధాంతం గురించి.

ఆకాశంలో ఎటు చూసినా 2.7 కెల్విన్ల పాత వెలుగు కనిపిస్తుంది. తేడాలు లక్షలో ఒక వంతే. అంతంత దూరాన ఉన్న దిక్కులకు ఒకే ఉష్ణోగ్రత ఎలా వచ్చింది? మొదట పక్కపక్కనే ఉండి, ఒక్కసారిగా దూరమయ్యాయని 1981లో అలన్ గూత్ వివరించాడు. స్టారోబిన్‌స్కీ, లిండే వంటివారివి వేరే నమూనాలు. ఏది నిజమో తేల్చేదెలా? ఆ ఉబ్బులో పుట్టిన గురుత్వ తరంగాలు పాత వెలుగు ధ్రువణంలో ఒక సుడి ముద్ర వేయాలి. అది ఎంత బలంగా ఉండాలో ఒక్కో నమూనా ఒక్కో అంకె చెబుతుంది. ఆ అంకె పేరు 'ఆర్'.

2014 మార్చి 17న, దక్షిణ ధ్రువం నుంచి పరిశీలించిన బైసెప్2 బృందం ఆ ముద్ర దొరికిందని, ఆర్ సుమారు 0.2 అని ప్రకటించింది. ఎంతో సంబరం జరిగింది. అయితే వారు చూసింది ఒక్క 150 గిగాహెర్ట్జ్ దగ్గరే. మన పాలపుంతలోని ధూళి కూడా అలాంటి ముద్రే వేస్తుంది. ధూళి బాగా మెరిసే 353 గిగాహెర్ట్జ్ దగ్గర ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది. 2015లో ఇరు బృందాలూ లెక్కలు కలిపి చూస్తే, ధూళి పాలు తీసేశాక మిగిలింది రుజువుకు చాలలేదు. బైసెప్ వాళ్లు తమ మాట తామే సవరించుకుని, మరింత మంచి పరికరాలతో మళ్లీ కొలిచారు. 2021లో ఆర్ 0.036 కన్నా తక్కువని తేల్చారు. దాంతో ముచ్చటైన సరళ నమూనాలు కొన్ని పోటీ నుంచి తప్పుకున్నాయి. 0.004 దరిదాపుల్లో చెప్పే స్టారోబిన్‌స్కీ నమూనా ఇంకా నిలిచి ఉంది.

ఇదంతా చదువుతుంటే మన ల్యాబ్ గుర్తొచ్చింది. నా లోలకం 'జి' విలువ 9.5 ఇచ్చింది. నేను రికార్డులో 9.8 రాసుకొచ్చాను. "ఇది పుస్తకం చెప్పింది. నీ లోలకం ఏం చెప్పిందిరా?" అన్నారు సైన్సు మాస్టారు. 9.5 రాయించి, తప్పు వెతికించారు. దారాన్ని గుండు మధ్య వరకు కాక, పై ముడి వరకే కొలిచానని తేలింది.

ఇంజనీరుగా రిపోర్టు మీద సంతకం పెట్టే ప్రతిసారీ ఆ ప్రశ్న వినిపిస్తుంది. ఒకసారి అందరూ కోరుకున్న అంకె కాక, వచ్చిన అంకె రాసి ఓ ప్రమోషన్ పోగొట్టుకున్నాను. నిద్ర మాత్రం పోగొట్టుకోలేదు.

మాస్టారూ, ఆ రికార్డు ఇంకా నా దగ్గరే ఉంది. 9.5 పక్కన మీరు పెట్టిన ఎర్ర సిరా టిక్కు చెరగలేదు.