సర్టిఫికెట్ తర్వాత సంగతి



బడి మానేసిన మన బస్తీ పిల్లల్ని గ్రాంటు డబ్బుతో నడిచే శిక్షణలకు పంపుతున్నాం. గాజువాక, మల్కాపురం, జాలరిపేట, ఎక్కడైనా చివర్లో అడిగేది ఒకటే: ఎంతమంది చేరారు, ఎంతమందికి సర్టిఫికెట్లు వచ్చాయి? ఆ ఫారం నింపడం తేలికే. కుట్టుపనిలో చేరిన అమ్మాయి రాత్రి షిఫ్టుకి బస్సు లేక రెండో నెలకే ఇంటికొచ్చేసినా, ఫారంలో మాత్రం ఉద్యోగం చేస్తూనే ఉంటుంది!

పల్లెల్లో 15 నుంచి 35 ఏళ్ల పేద యువతకు 2014లో వచ్చిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో, ఉద్యోగంలో మూడు నెలలు నిలిస్తేనే లెక్క. ఆ పథకం మన పట్నం బస్తీలకు లేదు. పద్ధతి తెచ్చుకోవడానికి అడ్డేముంది?

అందుకే నెల మీటింగులో పొదుపు కట్టేటప్పుడే తల్లుల్ని అడుగుతున్నాం. పిల్ల పనిలో ఉందా? జీతం చేతికొస్తోందా? ఓపెన్ స్కూల్లో కట్టిన పదో తరగతి పరీక్ష రాసిందా? మానేస్తే ఎందుకు మానేసింది? జవాబులు మినిట్స్ పుస్తకంలోనే రాస్తున్నాం.

అంకె తగ్గింది. వచ్చే ఏడాది గ్రాంటు పోతుందేమోనని మాలో కొందరు గొడవపడ్డారు. ఆ భయం ఉత్తది కాదు. అయినా ఈ నివేదికలో తగ్గిన అంకెనే ఇచ్చాం, పక్కనే బస్సు సంగతీ రాశాం.