యోగ్యతయు నధికారమును
(సోమందేపల్లి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసపాఠము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ముప్పదియైదేండ్లు బాలురకు శబ్దములును సంధులును చెప్పిన మాకు విద్యను గూర్చి పలుకుట కష్టము గాదు. కాని యీ యేడు మన కులబాంధవుల యిండ్లలో మాకు వినవచ్చిన ప్రశ్న వేరొకటి. “మావానికి చదువున్నది, పనిచేసిన యనుభవమున్నది, జీతమిచ్చెద నన్న యజమానియు నున్నాడు. అయినను వీసా యేల నిరాకరించినారు?” అని తల్లిదండ్రు లడుగుచున్నారు. సోమందేపల్లి, పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములలో పట్టుమగ్గముల శబ్దము నడుమ బెరిగిన బిడ్డలు నేడు మెల్బోర్ను, సిడ్నీ, డాలసు నగరములలో నున్నారు. కావున నీ ప్రశ్నయు విద్యావిషయమే యని తలంచి దానినే నేడు విచారింతుము.

ముందుగా రెండు పదముల భేదమును గ్రహింపవలెను. యోగ్యత వేరు, అధికారము వేరు. యోగ్యత మనుష్యునియం దుండునది: చదువు, నైపుణ్యము, నడవడి. అధికార మితరులు తగురీతిగా నొసంగినపుడు గలుగునది. వేదాధ్యయనము చేసిన పండితుడైనను యజమానుడు ఋత్విక్కుగా వరింపనిదే యజ్ఞశాలలో హోమము చేయరాదు. అందుచేత వాని పాండిత్యమునకు లోపము రాదు. వరణము జరుగలేదు, అంతియే.

పరదేశములలో యజమాని పూచీపై నొసంగు ఉద్యోగవీసా సరిగా నిట్టిదే. ఆస్ట్రేలియా దేశపు పద్ధతిని దృష్టాంతముగా గైకొందము. 2016 జనగణనలో నచట తెలుగు మాటలాడువారు 34 వేలకు పైబడియుండగా 2021 నాటికి సుమారు 59 వేలైరి. అచట మూడు మెట్లు కలవు. మొదటిది, తాత్కాలిక వీసా విషయమున, యజమాని స్పాన్సరుగా ప్రభుత్వముచే నంగీకరింపబడుట. రెండవది నామినేషను: అనగా “ఈ యుద్యోగము మాయొద్ద నిజముగా నున్నది, ఇంత జీత మిచ్చెదము, ఈ వ్యక్తి మాకు గావలెను” అని యజమాని చేయు నివేదన. మూడవది ఉద్యోగి తనకై తాను పెట్టుకొను వీసా దరఖాస్తు. మొదటి రెండును యజమానివి. మూడవది మాత్రమే మన బిడ్డది. ఈ దరఖాస్తులను ఒకేసారి దాఖలు చేయుటకు వీలున్నందున పలువురు అన్నియు నొక్కటే యని భ్రమింతురు. చట్టమునకు అవి వేర్వేరు. నామినేషను అంగీకరింపబడనిచో వీసానిచ్చుట యధికారి యిష్టమునకు విడువబడలేదు, నిరాకరించియే తీరవలెను. దయదలచుటకు వానికి చోటు లేదు.

తర్కశాస్త్రమున అన్నంభట్టు కారణములను విభజించి చెప్పునపుడు దృష్టాంతముగా దీసికొన్నది మన వృత్తినే యని మీలో గొందఱకు దెలిసియుండవచ్చును. వస్త్రమునకు దారములు సమవాయికారణము. దారముల కూడిక అసమవాయికారణము. మగ్గము, నాడె మొదలగునవి నిమిత్తకారణములు. దారమే లేనిచో నెంతటి నేర్పరియు శూన్యమును నేయజాలడు గదా. పడుగు లేని మగ్గముపై పేక నిలుచునా? నామినేషను పడుగు; వీసా దరఖాస్తు పేక. పడుగు తెగిన దినమున నేతగానిని చేతగానివా డందుమా?

మన కులమున జరిగిన యొక సంగతి చెప్పెదము, పేరు చెప్పము. తండ్రి రెండు మగ్గముల పట్టునేతగాడు. కుమారుడు హిందూపురమున జదివి, ఆస్ట్రేలియాకు బోయి, అచట మరల జదివి, యొక చిన్న సంస్థలో గుదురుకొనెను. స్పాన్సరు చేసెద నని యజమాని మాట యిచ్చెను. దరఖాస్తులు పడినవి. ఆ యుద్యోగ మా సంస్థకు నిజముగా నవసరమని రుజువు గాలేదని నామినేషను తిరస్కృతమైనది. యజమాని యప్పీలు చేయలేదు. పిదప వీసాయు బోయినది. ఆ నిర్ణయపత్రమున యువకుని చదువును గూర్చి గాని, నడవడిని గూర్చి గాని యొక్క మాటయైనను లేదు. అంతదూరము చూడవలసిన పనియే లేకపోయెను. కాని యూరిలో “ఫెయిలై వచ్చినాడు” అనిరి. నిశ్చయమైన సంబంధము వెనుకకు బోయినది. తండ్రి యా కాగితమును మాయొద్దకు దెచ్చి, “అయ్యవారూ, ఇందులో మావాని తప్పేమని వ్రాసినారు?” అని యడిగెను. రెండుమారులు చదివి “తప్పేమియు వ్రాయలేదు” అంటిమి. “ఆ మాట పదిమందిలో చెప్పండి” అనెను. అందులకే చెప్పుచున్నాము.

ఇక నామినేషను లేల తిరస్కరింపబడును? ఉద్యోగము పేరునకు మాత్రముండి పని వేరుగా నుండుట యొకటి. ముందుగా స్థానికుల కొఱకు చట్టము చెప్పిన రీతిని ప్రకటన లీయకుండుట మఱొకటి. జీతము చాలకుండుట వేఱొకటి: తాత్కాలిక వీసాల కనీస వార్షికాదాయము 2023 జూలై 1న 70,000 డాలర్లకు బెంచబడినది, 2025 జూలై 1న 76,515 డాలర్లైనది, ఏటేట జూలైలో సవరింపబడును. ఇవిగాక యజమాని శిక్షణనిధికి సుంకము చెల్లింపవలెను: పది మిలియను డాలర్లకు లోబడిన వ్యాపారము గలవారికి తాత్కాలిక వీసాలపై నేటికి 1,200, పెద్ద సంస్థలకు 1,800 డాలర్లు. ఈ సుంకమును ఉద్యోగినుండి రాబట్టుట నిషిద్ధము. ఇందేదియు మన బిడ్డ చేతిలో నుండునది గాదని గమనింపుడు.

ఈ రీతి ఆస్ట్రేలియాకు మాత్రమే చెందినది గాదు. అమెరికాలో హెచ్-1బి కొఱకు పిటిషను పెట్టువాడు యజమానియే. బ్రిటనులో లైసెన్సు గల యజమాని యిచ్చు స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్టు లేనిదే నైపుణ్యోద్యోగ వీసాకు దరఖాస్తే పెట్టరాదు. మన దేశమే వేఱుగా నున్నదా? మన ప్రక్కనే యెఱ్ఱమంచియందు కియా కార్ల కర్మాగారము 2017లో నొడంబడికయై, 2019 డిసెంబరు 5న ప్రారంభోత్సవము జరుపుకొన్నది. దానివెంట కొరియా దేశీయులు వచ్చిరి. పెనుకొండ దారిలో వారి భోజనశాలలు వెలసినవి. ఆ వచ్చినవారికి మన ప్రభుత్వ మిచ్చునదియు యజమాని పేరుతో ముడిపడిన ఉద్యోగవీసాయే. సామాన్యముగా ఏటికి 16.25 లక్షల రూపాయలకు దగ్గని జీత ముండవలెను. ఇచ్చవచ్చినట్లు యజమానిని మార్చుకొనరాదు. ఆ కొరియా నిపుణుని మనము గౌరవింతుము. వాని కాగితము యజమాని చేతిలో నున్నదని వానిని తక్కువగా జూడము. మన బిడ్డ విషయమున మాత్ర మేల వేఱు తక్కెడ?

2025 సెప్టెంబరు 4న అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, హ్యుందాయ్, ఎల్.జి. సంస్థలు కలసి కట్టుచున్న బ్యాటరీల కర్మాగారమున, సుమారు 475 మందిని నిర్బంధించిరి. అందు మున్నూటికి మించినవారు కొరియనులు. వారిలో పలువురు కొద్దికాలపు యాత్రలకైన యనుమతులపై వచ్చినవారు. అవి యా పనికి చాలవని యచటి యధికారులు తలంచిరి. యంత్రములను నెలకొల్పు విద్యలో వారు నేర్పరులే. యోగ్యత యధికారమునకు బదులు గాజాల దనుటకు ఇంతకంటె దృష్టాంతము గావలెనా?

అట్లని యీ యేర్పాటు సర్వథా న్యాయమని మేము చెప్పము. 1860 నవంబరు 16న “ట్రూరో” యను నోడ మదరాసునుండి డర్బనునకు జేరెను. అందలి తెలుగువారు, తమిళులు ఒప్పంద పత్రముచే యజమానికి గట్టుబడిన కూలీలు. ఆ విధమైన కూలీల యెగుమతి 1917లో నిలిపివేయబడినది. నేటి వీసా ఆనాటి బానిసత్వము గాదు. అయినను జీవనమంతయు నొకని సంతకముపై వ్రేలాడునపుడు భయము పుట్టుట సహజము. ఆ భయమునే కొందఱు ధనముగా మార్చుకొనుచున్నారు. “స్పాన్సరు చేయుటకు ఇంత యిమ్ము” అని యడుగుట 2015 డిసెంబరు నుండి ఆస్ట్రేలియా చట్టమున నేరము. ఇచ్చినవానికిని దోషము తగులును. 2024 జూలై 1 నుండి కొంత యూరట గలిగినది: ఉద్యోగము పోయినవారు క్రొత్త స్పాన్సరును వెదకుకొనుటకు పూర్వమున్న 60 దినములకు బదులు ఒక్కొక్కమారు 180 దినములు, మొత్తము మీద 365 దినములు గడువు పొందిరి.

ఇక కర్తవ్యమును సంగ్రహముగా జెప్పెదము.

మొదటిది: దరఖాస్తు పడకముందే “నామినేషను దాఖలైనదా? దాని సంఖ్య యేది? అంగీకృతమైనదా?” అని యడుగవలెను. యజమాని నోటిమాట నామినేషను గాదు. ఉత్తరమున “ఉద్యోగ మిచ్చెదము” అని వ్రాసినను నామినేషను గాదు.

రెండవది: నామినేషను తిరస్కృతమైనపుడు దానిపై యప్పీలు చేయవలసినవాడు యజమాని, ఉద్యోగికి ఆ హక్కు లేదు. తాత్కాలిక వీసా విషయమున, చెల్లుచున్న నామినేషను గాని యజమాని వేసిన యప్పీలు గాని లేనిచో, ఉద్యోగి తన వీసా తిరస్కారముపై సైతము అప్పీలు చేయజాలడు. అప్పీళ్లు 2024 అక్టోబరు 14 నుండి క్రొత్త పునర్విచారణ ట్రైబ్యునలునకు బోవుచున్నవి. గడువు మీఱిన పిదప వగచి ఫలము లేదు గాన, ఉత్తరము చేరిన దినముననే గడువును చూచుకొనవలెను.

మూడవది: తిరస్కారమునకు ముందు వ్యాఖ్య గోరుచు నుత్తరము వచ్చుట కలదు. దానిని పెట్టెలో దాచరాదు. ఆ దేశమున నుండగానే వీసా తిరస్కృతమై, వేఱొక వీసా చేత లేనివారు అచటినుండి మరల దరఖాస్తు పెట్టుటకు చాలవఱకు నిషేధము గలదు. దరఖాస్తును ముందే యుపసంహరించుకొనుట మేలా కాదా యని న్యాయవాదిని గాని, ప్రభుత్వమున నమోదైన ఏజెంటును గాని వెంటనే యడుగవలెను.

నాలుగవది: లేని యుద్యోగమునకు దొంగ కాగితము పుట్టింపరాదు. నామినేషను లేక పోయిన వీసా మరల రావచ్చును. అబద్ధపు పత్రమువలన బోయినచో మూడేండ్ల నిషేధ మెదురగును. తర్వాతి దరఖాస్తులలో “ఎన్నడైన తిరస్కృతమైనదా?” అని యడిగినపుడు దాచకయు చెప్పవలెను. కారణము నామినేషనే యని చెప్పుటకు సిగ్గేల?

ఐదవది: మన దేశమునుండి విదేశోద్యోగములకు బంపు ఏజెంట్లు 1983 నాటి ప్రవాసచట్టము క్రింద నమోదు కావలెను. వారు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలును దానిపై పన్నును మాత్రమే యని నియమము. అంతకు బదిరెట్లు చెల్లించుటకు మగ్గపుటింటిని తాకట్టు పెట్టుచున్న తండ్రులు రసీదైనను అడుగుట లేదు.

సంఘపోషకులకు మా విన్నప మొక్కటి. వసతిగృహములకును విద్యార్థివేతనములకును మీరు ధారాళముగా నొసంగితిరి. ఇక నొక చిన్న నిధిని వేరుగా నుంచి, విదేశమునకు బోవు ప్రతి బిడ్డయొక్క కాగితములను దరఖాస్తునకు ముందే తెలిసినవారిచే జూపించు నేర్పాటు చేయుడు. తాకట్టు విడిపించుటకంటె దానికగు వ్యయము స్వల్పము. ఆయా దేశములందు స్థిరపడిన మన యువకులు నెలకొక సాయంకాలమైన నిందులకు వినియోగింపవలెను.

తల్లులకు మఱొక మాట. తిరస్కృతుడై వచ్చిన బిడ్డకు మీరు పెట్టు మొదటి యన్నమున జాలియు వలదు, నిష్ఠూరమును వలదు. వాడు పోగొట్టుకొన్నది యొక యజమాని సంతకము. తన విద్యను గాదు. సంబంధములు చూచు పెద్దలు సైతము పత్రమును చదివించి పిదప మాటాడుదురు గాక.

యోగ్యతను సంపాదించుట బిడ్డల పని. అధికారము సరిగా లభించునట్లు చూచుట పెద్దల పని. అది లభింపని నాడు బిడ్డ మానమును గాపాడుట కులము పని. ఈ మూడును మనయందు వర్ధిల్లుగాక యని భగవంతుని బ్రార్థించుచున్నాము.

స్వస్తి.