గంట సైఫను: నిదానము, చికిత్స

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము ప్రసంగింపదలచిన వస్తువు మిక్కిలి చిన్నది. మిద్దెపైన చేపలను, కూరగాయలను ఒకే నీటితో పెంచువారి తొట్టిలో నొక నిలువు గొట్టము కలదు. దానిపై మరియొక లావు గొట్టము, పైకొన మూయబడి, గంటవలె బోర్లింపబడియుండును. దీనినే గంట సైఫను అందురు. ఇది సరిగా నడచిన దినమున దీని నెవరును తలపరు. ఇది తప్పిన దినమున మొక్కలు వాడును. ఒక్కొక్కప్పుడు తెల్లవారునప్పటికి చేపలు చచ్చి తేలును. కావున దీని దోషములను కనిపెట్టు విధమును మీకు విన్నవించుచున్నాము.

ఈ సేద్యపు సూత్రము సులభము. చేపల విసర్జనమునుండి అమ్మోనియా పుట్టును. అది హెచ్చినచో చేపలకే విషము. పంపు ఆ నీటిని గులకరాళ్లు నింపిన మొక్కల తొట్టికి ఎక్కించును. రాళ్ల నంటియుండు సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రేటును మొక్కలు ఆహారముగా గ్రహించును. తేరిన నీరు మరల చేపలకు చేరును. 1980వ దశకములో అమెరికాలోని నార్త్ కెరొలినా స్టేట్ విశ్వవిద్యాలయమున మార్క్ మెక్‌మర్ట్రీ మున్నగువారు ఇసుక పాదులతో ఇట్టి పద్ధతిని పరిశోధించిరి. వేళ్లకు నీరెంత యవసరమో గాలియు నంతే యవసరము. ఆ సూక్ష్మజీవులకును గాలి కావలెను. అందుచేత తొట్టి నిండవలెను, ఖాళీ కావలెను, మరల నిండవలెను. ఒకరు కావలి యుండకయే ఈ పనిని చేయునది గంట సైఫను.

మన చెరువుల కలుజును తలచుకొనుడు. నిలువు గొట్టము ఒంటిగా నున్నచో అది కలుజు వంటిదే: అంచును మించిన నీరు మాత్రమే దిగును, తక్కినది నిలిచియుండును. దానిపై గంటను బోర్లించినచో పని మారును. నీరు గంట యడుగున కోసిన గండ్లనుండి లోనికి వచ్చి, నిలువు గొట్టపు అంచును దాటి దిగును. దిగుచు గంటలోని గాలిని తనతో ఈడ్చుకొని పోవును. లోపలి గాలి తగ్గగా వెలుపలి వాయుపీడనము నీటిని లోనికి నెట్టును. ధార నిండుగా పట్టును. నీటిమట్టము గండ్లవరకు దిగగానే గాలి లోనికి చొచ్చును, ధార తెగును.

వసుదేవుని బొమ్మగల పాత్ర మీలో పలువురికి జ్ఞప్తియందుండును. అందు నీరు పోయగా, అది బాలకృష్ణుని పాదమును తాకినంతనే పాత్ర ఖాళీ యగును. యమున దారి యిచ్చిన కథను కంచరి ఈ సైఫనుతోనే చూపినాడు. పాత ఇండ్లలో గొలుసు లాగి నీరు వదలెడి ఇనుప తొట్టిలోను ఉన్నది గంటయే.

ఈ సాధనము రెండు హద్దుల నడుమ నడచును. వచ్చు నీరు, గంటలోని గాలిని ఈడ్చుటకు చాలినంత యుండవలెను. ధార పట్టిన పిదప, పోవు నీటికంటె వచ్చు నీరు తక్కువగా నుండవలెను. మొదటిది తప్పినచో సైఫను మొదలుకాదు. రెండవది తప్పినచో ఆగదు. ఈ రెండు దోషములందును క్రింది గొట్టమునుండి నీరు ఎడతెగక కారుచుండును. పై లక్షణ మొక్కటియే. చికిత్సలు మాత్రము పరస్పర విరుద్ధములు. మేము ముఖ్యముగా చెప్పదలచిన దిదియే.

మా యెరుకలో నొక యింట, నీరు ఎడతెగక కారుచున్నదని పెద్ద పంపును కొని తెచ్చిరి. దోషము హెచ్చినదే కాని తగ్గలేదు. ఆ యింటి బాలుడు రాళ్లను ప్రక్కకు తీసి, నీరు అడుగుననే యున్నదని చూపెను. వచ్చు నీటిని వాల్వుతో కొంత తగ్గింపగా సైఫను తన పనిలో పడెను. కావున మొదట చేతిని గాక కంటిని వాడవలెను. రాళ్లలో నీరెంత యెత్తున నున్నదో చూడవలెను.

నీరు నిలువు గొట్టపు అంచువద్దనే నిలిచియున్నచో సైఫను మొదలుకాలేదని తెలియవలెను. పంపు జల్లెడలో పాచి యడ్డుపడినదేమో చూచి కడుగుడు. గంట మూతవద్ద గాలి చొచ్చు సందున్నదేమో పరీక్షించి మూయుడు. క్రింది గొట్టపు కొన చేపల నీటిలో లోతుగా మునిగియున్నచో గాలి బయటికి పోజాలదు; దానిని పైకెత్తుడు. ఇంకను పట్టనిచో, ఆ కొనకు ఒక వంపు ముక్కను తగిలింపవచ్చును. నిలువు గొట్టపు పై మూతిని గరాటువలె వెడల్పు చేయవచ్చును.

నీరు అడుగున గండ్లవద్దనే నిలిచి, గురగుర ధ్వనితో కారుచున్నచో సైఫను ఆగలేదని తెలియవలెను. వాల్వుతో కొంత నీటిని నేరుగా చేపల తొట్టికి మరల్పుడు. దానివలన చేపలకు గాలియు లభించును. గండ్లు ఇరుకైనచో వెడల్పు చేయుడు. గంట నెత్తినుండి ఒక సన్నని గొట్టమును వెలుపలగా గండ్లవరకు దింపినచో, నీరు దాని కొనను విడిచినంతనే గాలి చొచ్చి ధారను తెంచును.

ధార పట్టియు మందముగా దిగుచున్నచో వేళ్లో, మడ్డియో, బోరునీటి సున్నపు పొరయో అడ్డమని యూహింపవలెను. గంటచుట్టును రంధ్రముల గొట్టమొకటి కాపుగా నుండిన, రాళ్లను కదల్పకయే గంటను పైకి తీసి కడుగవచ్చును.

వచ్చు నీటిని కొలుచుటకు బకెట్టును, గడియారమును చాలును. 10 లీటర్ల బకెట్టు 2 నిమిషములలో నిండినచో గంటకు 300 లీటర్లు వచ్చుచున్నవని లెక్క. తొట్టి నిండుటకు పట్టు కాలమును, దిగుటకు పట్టు కాలమును ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. ఒకసారి ఒక్క మార్పునే చేయుడు. రెండు మార్పులు కలిపి చేసినచో, నయమైనను దేనివలన నయమైనదో తెలియదు.

అన్నిటికంటె ముఖ్యమైనది చేపల ప్రాణరక్షణ. సైఫను పూర్తిగా మూసికొనిపోయినచో నీరు మొక్కల తొట్టి గట్టు దాటి నేలపాలగును. పంపు మాత్రము చేపల నీటిని తోడుచునే యుండును. అందుచేత నిలువు గొట్టపు అంచుకంటె కొంచెము పైన, తొట్టి గట్టునకు దిగువగా, మరియొక రంధ్రము పెట్టి, ఆ నీరు చేపల తొట్టికే చేరునట్లు గొట్టము అమర్పుడు. పంపును అడుగున గాక ఇటుకలపై ఎత్తుగా నిలుపుడు. ఎట్టి యాపద వచ్చినను చేపలు బ్రదుకుటకు కొంత నీరు మిగులును.

తలిదండ్రులారా! ఈ పనిని పిల్లలకు విడిచి, మీరు ప్రక్కన నిలిచి ప్రశ్నింపుడు. నీరు ఎక్కడ నిలిచినది? ఎంతసేపు నిలిచినది? ఏమి మార్చితివి? పిదప ఏమి జరిగినది? బడిలో పాఠమును ఏ భాషలో చదివినను, ఈ ప్రశ్నలకు ఇంటి తెలుగులో బదులు చెప్పగలిగిన బిడ్డకు ఆ విషయము నిజముగా పట్టుపడినట్లే. దోషము కనబడినంతనే సామగ్రి మార్చువాడు అంగడికి పోవును. కారణము వెదకువాడు తొట్టివద్ద కూర్చుండును. మన బిడ్డలు రెండవవారి వలె పెరుగుదురు గాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాము.