గ్యారంటీ కాగితమూ, మన జామీనూ

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పిల్లలకు ఉర్దూలో పాఠాలు చెప్పేవాణ్ణి. తెలుగులో ప్రసంగించడం అలవాటు తక్కువ. తప్పులుంటే మన్నించాలని మనవి. ఈసారి చదువు గురించి కాదు, కిటికీ గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. కాని ఆ కిటికీ నాకు నేర్పిన పాఠం మీకు చెప్పాలనే వచ్చాను.

మా ఇల్లు బస్సులు తిరిగే రోడ్డు మీద ఉంది. 2021లో మా అమ్మీ జబ్బుతో మంచాన పడ్డారు. రాత్రంతా హారన్ల మోత. ఆమెకు కంటిమీద కునుకు ఉండేది కాదు. రెండద్దాల కిటికీలు పెడితే మోత తగ్గుతుందని ఎవరో చెప్పారు. ప్రావిడెంట్ ఫండు నుంచి అప్పు తీసి ఆ గదికి రెండు కిటికీలు పెట్టించాను. నిజంగానే మోత తగ్గింది. అమ్మీ నిద్రపోయారు. దుకాణదారు ఇచ్చిన ఇంగ్లీషు కార్డు మీద ‘పదేళ్ల గ్యారంటీ’ అని పెద్ద అక్షరాలతో ఉంది. కింద చిన్న అక్షరాలు నేను చదవలేదు.

2023 వానాకాలంలో ఒక కిటికీకి అద్దాల మధ్య ఆవిరి పట్టింది. లోపల తుడిచాం, బయట తుడిచాం, పోలేదు.

దీని సంగతి కొంచెం తెలుసుకోవాలి. రెండద్దాల మధ్య అంచుల వెంట ఒక పట్టీ ఉంటుంది. అందులో తేమను పీల్చే గుళికలు పోస్తారు. మందుల డబ్బాలో చిన్న పొట్లం వేస్తారే, అలాంటివి. చుట్టూ గాలి చొరకుండా సీలు వేస్తారు. సీలు విడిపోతే తేమగాలి లోపలికి పోతుంది. గుళికలు పీల్చగలిగినంత పీల్చి ఊరుకుంటాయి. అప్పుడు మధ్యలో ఆవిరి పడుతుంది. గది వైపునో, వీధి వైపునో పట్టిన ఆవిరి తుడిస్తే పోతుంది, అది చెడిపోవడం కాదు. మధ్యలో పట్టిందే చెడిన గుర్తు. దానికి కిటికీ అంతా మార్చనక్కరలేదు. చట్రం ఉంచి అద్దాల జత మాత్రం మార్చవచ్చు. చట్రం అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడితే నీరు నిలిచి సీలు పాడవుతుంది. అప్పుడప్పుడు శుభ్రం చేసుకోవాలి.

దుకాణానికి వెళ్లాను. “మాస్టారూ, పదేళ్లు చట్రానికి. అద్దాలకు ఐదేళ్లే. సరే, బిల్లు తెచ్చారా?” అన్నాడాయన.

ఇక్కడ నేను తలదించుకుని చెప్పాల్సిన మాట ఉంది. కొన్న రోజున “బిల్లు రాస్తే 18 శాతం జీఎస్టీ పడుతుంది, వద్దంటే అంత తగ్గుతుంది” అని ఆయనే అన్నాడు. నేను వద్దన్నాను. బడిలో నిజాయితీ గురించి చెప్పే మనిషిని, ప్రభుత్వానికి చేరాల్సిన పన్ను ఎగ్గొట్టడంలో భాగస్తుణ్ణయ్యాను.

అప్పుడాయన ఒక దారి చూపించాడు. “బిగించిన కుర్రాడు రంధ్రాలు మూసేశాడని రాసి సంతకం పెట్టండి. అతని కూలిలో పట్టుకుని అద్దం వేయిస్తాను.” ఆ కుర్రాడు మన మొహల్లావాడే. రోజుకూలి మీద ఇల్లు గడుపుతున్నాడు. ఇంటికొచ్చి చూశాను. రంధ్రాలు తెరిచే ఉన్నాయి, నీళ్లు పోస్తే బయటకు జారిపోయాయి. నాకు అద్దం కావాలి, నిజమే. కాని ఆ సంతకం పెట్టి, ఆ గదిలోనే నమాజుకు ఎలా నిలబడను? పెట్టలేదు.

ఫోన్ ద్వారా పంపిన అడ్వాన్సు రసీదు, దుకాణదారు సంతకమున్న కార్డు, ఫొటోలు జతచేసి, పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపాను. బిల్లు వద్దన్నది నేనేనని కూడా అందులో రాశాను. పన్నెండో రోజున అద్దం వచ్చింది. రవాణా, కూలి ఖర్చు నేనే పెట్టుకున్నాను. బిగించింది ఆ కుర్రాడే. అమ్మీ అడిగింది ఒకటే మాట: “పిల్లాడికి చాయ్ ఇచ్చారా?”

అద్దం రాకపోతే ఏం చెయ్యాలో కూడా తెలుసుకున్నాను. వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుంచి అమలవుతున్నది. మనం ఉన్న జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. సరుకుకు చెల్లించిన సొమ్ము 5 లక్షలలోపైతే రుసుము లేదు. అయితే వివాదం పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలి. ముందుగా సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు.

ఉర్దూలో గ్యారంటీని జమానత్ అంటాం. తెలుగువారి జామీను ఆ మాటకు చుట్టమే. జామీను ఉన్నవాడు మాట మీద నిలబడాలి. వానకు తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున ఉంచిన వర్తకుణ్ణి మన ప్రవక్త (స) మందలించిన సంగతి అందరికీ తెలుసు. మన సంఘంలో దుకాణాలున్న సోదరులకు ఇది మనవి. ఇక కొనేవాళ్లం కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు, సూరా బఖరాలోని 282వది, అప్పు వ్యవహారాన్ని రాసిపెట్టుకోవడం గురించే. కాగితం అడగడం అపనమ్మకం కాదు, అది ధర్మం.

కనుక బిల్లు తీసుకోండి, పన్ను కట్టండి. గ్యారంటీ దేనికి, ఎన్నేళ్లు, కూలి ఎవరిది అని తెలుగులోనో ఉర్దూలోనో రాయించుకోండి. చదువుకున్న మన పిల్లలు ఆదివారం ఒక గంట సంఘం ఆఫీసులో కూర్చుని, అడిగినవారికి ఈ కార్డులు చదివి చెబితే ఎంతో మేలు. ఆ గంట కూర్చోవడానికి మొదటి పేరు నాదే రాసుకోండి.