ఫస్ట్ టైమ్ నవ్వించిన రోజు

"అన్నా, నీకీ కామెడీ ఎక్కణ్ణుంచొచ్చింది?" అని చాలామంది అడిగారు. బీటెక్‌లో అయితే రాలేదు, ఆ నాలుగేళ్ళూ నన్ను చూసి వేరేవాళ్ళు నవ్వారంతే.

మాది గుడివాడ. అమ్మమ్మ వాళ్ళది దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పల్లె. బస్సులో పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ... ఈ లిస్టు కండక్టర్ గొంతుతో సహా నాకు బట్టీ.

2006 నవంబర్ 19, ఆదివారం. నాకు తొమ్మిదేళ్ళు. దివిసీమ వాళ్ళకి ఆ తారీఖు చెప్పక్కర్లేదు. 1977లో ఉప్పెన వచ్చిన రోజు. వేలమంది పోయారు. అమ్మమ్మకి తమ్ముడు, మూడేళ్ళ పెద్దకూతురు పోయారు. ఏటా ఆ రోజు చుట్టాలందరూ వస్తారు, తింటారు, ఎవరూ మాట్లాడరు. అమ్మమ్మ అసలు మాట్లాడదు.

నాకేమో బోర్. అందరూ వరసగా కూర్చుని తింటుంటే సంచీ ఒకటి చంకకి తగిలించుకుని లేచా. "పప్పు దాటింది! నెక్స్ట్ పులుసు! పెరుగు దగ్గర అందరూ దిగిపోవాలి, బండి వెనక్కి పోదు!" అమ్మ కళ్ళతోనే చంపేస్తోంది. నేను ఆగితేగా! తిన్నగా అమ్మమ్మ దగ్గరికెళ్ళి, "మామ్మగారూ, టికెట్ తీసుకున్నారా?" అన్నా.

ఎవరి ముద్ద వాళ్ళ చేతిలో ఆగిపోయింది.

అమ్మమ్మ తలెత్తి చూసింది. "నాది పాసు నాయనా. ఇరవై తొమ్మిదేళ్ళ నుంచీ ఇదే బస్సులో ఉన్నా, ఎక్కడా దిగనివ్వట్లేదు" అంది. అని, తనే నవ్వేసింది. కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. మిగతావాళ్ళు నవ్వాలో వద్దో తెలీక, చివరికి నవ్వేశారు.

నా జోక్ పేలిందనుకుని నేను తెగ పొంగిపోయా. చెయ్యి కడుక్కుంటూ చినతాతయ్య అన్నాడు: "ఉప్పెనకి ముందు మా వదిన ఇలాగే మాట్లాడేదిరా. నాట్లప్పుడు ఆవిడున్న మడిలో పని సాగేది కాదు, అందరూ నవ్వుతూ కూర్చునేవాళ్ళు." అంటే ఆ జోక్ నాది కాదు బాస్, ఆవిడది. నేను ఊరికే బెల్లు కొట్టానంతే.

బుర్రకథ చూశారా ఎప్పుడైనా? మధ్యలో కథకుడు, పక్కన ఇద్దరు వంతలు. వాళ్ళలో ఒకడి పనే హాస్యం. యుద్ధం జరుగుతున్నా, మనుషులు చస్తున్నా, వాడు మధ్యలో దూరి ఒక మాట వేస్తాడు. కథ పాడుచేస్తున్నాడేంటి అనుకునేవాణ్ణి. వాడు లేకపోతే ఆ ఏడుపంతా కూర్చుని వినడం మనవల్ల కాదని ఈమధ్యే అర్థమైంది.

తర్వాతి ఏడాది నవంబర్ 19 సోమవారం పడింది, నాకు స్కూలు. మధ్యాహ్నం ఇంటికి ఫోనొచ్చింది. అమ్మమ్మ.

"ఏరా కండక్టరూ, బస్సు ఇంకా రాలేదేంటి? ఇక్కడ ప్యాసింజర్లందరూ వెయిటింగు."

సరే, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. రైట్ రైట్!