నిద్రించు యంత్రమును దూరమునుండి మేల్కొలుపుట

2019 వేసవిలో మా యింట జరిగిన యొక సంగతితో ఈ ప్రసంగమును ప్రారంభించెదను. అప్పుడు మా తండ్రిగారిని చికిత్సకై హైదరాబాదునకు తీసికొనిపోయి యుంటిని. రాత్రి పదిగంటలవేళ వైద్యులు వచ్చి, "ఈయనకు పడని మందేదైన కలదా?" యని యడిగిరి. కలదు. కొన్నేండ్లక్రిందట ఒక సూదిమందు వికటించి యొడలెల్ల దద్దుర్లు పొంగిన మాట నాకు జ్ఞాపకమున్నది. మందుపేరు మాత్రము తలంపునకు రాలేదు. ఆ కాగితములన్నియు తెనాలిలో మా మేడగదియందలి కంప్యూటరులో భద్రముగా నుండెను. కంప్యూటరు మాత్రము నిద్రించుచుండెను.

అమ్మకు ఫోను చేసితిని. "నాయనా, ఈ మోకాళ్ళతో ఆ మెట్లు నేనెక్కలేనురా" అనెను. పొరుగింటి కుర్రవానిని లేపి, అతడు పైకిపోయి మీట నొక్కి, కాగితము నాకు చేరుసరికి ఒంటిగంట దాటెను. అంతవరకు వైద్యులు సూది వేయక వేచియుండిరి. ఆ మూడుగంటలు నేనెట్లు గడపితినో చెప్పజాలను.

యంత్రమును రేయింబవళ్ళు మేల్కొలిపియే యుంచరాదా యని మీ రడుగవచ్చును. మా కంప్యూటరు పనిలేక యున్నను సుమారు 50 వాట్ల కరెంటు తీసికొనును. అనగా దినమునకు 1.2 యూనిట్లు, ముప్పది దినములకు 36 యూనిట్లు. నిద్రలో దానికి రెండు వాట్లు చాలును. నెలకు యూనిటున్నర మించదు. కావున నిద్రింపనిచ్చుటయే మేలు. పిలిచినపుడు లేచిన చాలును.

ఇట్టి పిలుపును 1995లో ఏ.ఎం.డి., హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలు రూపొందించినవి. దీనికి మ్యాజిక్ ప్యాకెట్ అని పేరు. 1997లో ఇంటెల్, ఐ.బి.ఎం. సంస్థలు 'వేక్ ఆన్ లాన్' అను పేర దీనిని వ్యాప్తికి తెచ్చినవి. ఇల్లెల్ల నిద్రించినను వీధియరుగుమీద కావలివాడు చెవియొగ్గి యుండునట్లు, కంప్యూటరు నిద్రించినను దాని నెట్వర్కు కార్డు మేల్కొనియే యుండును. ప్రతి కార్డునకును మ్యాక్ అడ్రసు అను పండ్రెండక్షరముల సొంతపేరు కలదు. పిలుపునందు మొదట ఒకే గుర్తు ఆరుమార్లును, పిమ్మట ఆ పేరు పదునారుమార్లును వచ్చును. మొత్తము 102 బైట్లు. తన పేరు విన్నంతనే కావలివాడు యజమానిని లేపును.

ఏర్పాటు కష్టమైనది కాదు. కంప్యూటరును రౌటరునకు తీగతో కలుపవలెను, వైఫైని నమ్మరాదు. బయాస్ సెట్టింగులలో వేక్ ఆన్ లాన్‌ను అనుమతింపవలెను. విండోస్ నందు డివైస్ మేనేజరు తెరచి, నెట్వర్కు కార్డునకు యంత్రమును లేపు నధికారము నొసగి, మ్యాజిక్ ప్యాకెట్టునకు మాత్రమే లేవవలెనని నియమింపవలెను. లేనిచో దారినపోవు ప్రతి సందడికిని అది యులికిపడి లేచును. తరువాత మొదట ఇంటిలోనుండియే పిలిచి పరీక్షింపవలెను.

పొరుగూరినుండి పిలుచుటలో నొక చిక్కున్నది. నిద్రించు యంత్రము పలుకదు గనుక, కొంతసేపటికి రౌటరు దాని యునికిని మరచును. బయటినుండి వచ్చిన పిలుపు గుమ్మమువద్దనే నిలిచిపోవును. అట్లని గుమ్మము బార్లా తెరచి యుంచుటయు తగదు. సామాన్యముగా నీ పిలుపు ఎవరు పిలిచిరో విచారింపదు. పేరు తెలిసిన ఎవడైనను లేపగలడు. కావున వి.పి.ఎన్. అను రహస్యమార్గమున రౌటరులో ప్రవేశించి, లోపలినుండియే కేక వేయుట క్షేమము. మా రౌటరునందు ఆ రెండు వసతులును కలవు.

ఒక్క హెచ్చరిక. కరెంటు పోయి వచ్చినపిమ్మట కొన్ని యంత్రములు ఒకసారి చేతితో నడిపినగాని పిలుపు వినవు. అందుచే కరెంటు తిరిగివచ్చినంతనే తనంత లేచునట్లు బయాస్‌లో అమర్చితిని. రౌటరునకు చిన్న బ్యాటరీని చేర్చితిని.

మరుసటి యేడు తండ్రిగారి పరీక్షలకు మరల వెళ్ళినపుడు, వైద్యుల యెదుటనే ఫోనునుండి పిలిచితిని. నిమిషము గడువకమునుపే కాగితము తెరపై నిలిచెను. తండ్రిగారు నవ్వి, "మన యింట పిలిచిన వెంటనే లేచేది అదొక్కటేరా" అనిరి. అయినను, ఆ మందుపేరును అట్టముక్కపై వ్రాసి ఆయన చొక్కాజేబులో నుంచితిని. ఏ యంత్రమైనను ఒకనాడు లేవకపోవచ్చును గదా!